ఆటోనగర్ పాత డ్రమ్ముల కొట్టు: స్మోకర్‌కి కొనేవాళ్లకి

విజయవాడ ఆటోనగర్‌లోని ఈ కొట్టులో 200 లీటర్ల ఇనప డ్రమ్ములకి కొదవలేదు. స్మోకర్‌కైతే, అంటే మాంసాన్ని నిప్పుల పొగ మీద నిదానంగా వండే డ్రమ్ము పొయ్యికైతే, మూత మొత్తం ఊడొచ్చి, రింగు క్లాంపు (మూతని చుట్టూ బిగించే ఇనప పట్టీ) ఉన్నదే అడగండి. మామిడి గుజ్జు వచ్చినవి మేలు. పురుగుమందులవి ఊరికే ఇచ్చినా వద్దు. లేబుల్ గీకేసి ఉందా, ముట్టుకోకండి.

"కడిగేశాం సార్" అంటారు. అదంతా పైపై కడుగుడే. లోపల ఎర్రగానో, లేత గోధుమరంగులోనో నున్నగా మెరిసేది ఎపాక్సీ పూత, అంటే డ్రమ్ము లోపల వేసే ప్లాస్టిక్ లాంటి గట్టి రంగు. సబ్బుకీ సోడాకీ లొంగదు. అది పోవాలంటే, అడుగు అంచుకి రెండంగుళాలు పైకి ముప్పావు అంగుళం కన్నాలు మూడు వేయించి, మూత తీసి, ఆరుబయట నిండా కట్టెలేసి మండించాలి. కన్నాల్లేకపోతే గాలాడక అడుగున పూత అలాగే మిగిలిపోతుంది. పొగ మహా ఘాటు, అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద కుదరదు. చల్లారాక గ్రైండర్‌కి వైర్ బ్రష్ తగిలించి, మెరుపు ఎక్కడా కనపడనంత వరకు రుద్దాలి. వెంటనే వేరుశనగ నూనె పల్చగా రాసి మళ్లీ వేడిచేయాలి. వానాకాలంలో ఒక్క రాత్రి వదిలేసినా తుప్పే.

కన్నాలు వాళ్లే వేసిస్తారు, పని శుభ్రం. మాంసం పెట్టే జల్లెడ మాత్రం జింకు పూతది అంటగట్టబోతారు. నిప్పుల మీద పెట్టేదానికి అది పనికిరాదు, స్టెయిన్‌లెస్ స్టీల్‌ది విడిగా కొనుక్కోండి.