పట్టా, టిడ్కో ఫ్లాటు, ఉన్నచోటే ఇల్లు: విశాఖ పేదలకు ఏది మేలు?

మా పిన్ని పెదజాలరిపేటలో అద్దెకుంటుంది. 2022లో విశాఖ పేదలకు లక్షకు పైగా పట్టాలు పంచినప్పుడు ఆమెకూ ఊరి బయట లేఅవుట్‌లో ఒక సెంటు వచ్చింది. దాంతో ఇంటి కోసం ఎదురుచూసేవాళ్ల లిస్టులోంచి ఆమె పేరు పోయింది. అద్దె మాత్రం ఇప్పటికీ కడుతూనే ఉంది.

లిస్టు తగ్గించడానికి పట్టాలే దగ్గర దారి. కానీ సెంటంటే 48 గజాల పైచిలుకు. ఇల్లు కట్టుకోవడానికి ఇస్తామన్నది 1.80 లక్షలు, అదీ స్టేజీల వారీగా. పునాది వేస్తేనే మొదటి బిల్లు. ముందు చేతిలో డబ్బుండాలి కదా! 35 వేల డ్వాక్రా అప్పు కలిపినా స్లాబు దాకా రాదని పిన్ని లెక్క. పైగా ఆమె తెల్లవారకముందే ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటకు ఉండాలి, ఆ చేపలు ఎంవీపీ కాలనీలో అమ్ముకోవాలి. పట్టా ఇచ్చిన సబ్బవరం వైపు నుంచి ఆ వేళకు ఏ బస్సెక్కి వస్తుంది? ఇప్పుడు పట్టణాల్లో రెండు సెంట్లు అంటున్నారు. మంచిదే. కానీ నగరంలో అంత భూమి లేదు, లేఅవుట్లు ఇంకా దూరం జరుగుతాయని నా భయం.

టిడ్కో అంటే పట్టణాల్లో పేదలకు ఫ్లాట్లు కట్టే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. అదే ఇల్లు కట్టించి ఇస్తుంది కాబట్టి ఈ టెన్షన్ ఉండదు. 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు రకాలు. 300 అడుగులది ఒక్క రూపాయికే అన్నారు, మిగతా రెండింటికీ బ్యాంకు అప్పు ఉంటుంది. పనులు ఏళ్లతరబడి ఆగడంతో తాళంచెవి రాకముందే వాయిదాలు మొదలైనవాళ్లున్నారు. అది చాలా అన్యాయం. లిఫ్టు లేని మూడో అంతస్తు ముసలివాళ్లకు కష్టమే.

నా ఓటు మాత్రం, పేదలు ఇప్పుడుంటున్న మురికివాడలోనే ఇళ్లు కట్టడానికి. 2011 జనాభా లెక్కల ప్రకారం విశాఖలో నూటికి 44 కుటుంబాలు మురికివాడల్లోనే ఉన్నాయి. వాళ్ల పని, పిల్లల బడి, చేబదులిచ్చే చుట్టుపక్కలవాళ్లు, అన్నీ అక్కడే. ఇది అన్నిటికన్నా ఆలస్యమయ్యే పని, ఒప్పుకుంటాను. స్థలం ఎవరిదన్న తగువు తేలాలి, కట్టేంతకాలం వాళ్లుండే చోటికి అద్దె ప్రభుత్వమే కట్టాలి. అయినా అలా కట్టిన ఇల్లు ఖాళీగా పడి ఉండదు.

అది కుదరనిచోట బస్సు సౌకర్యమున్న టిడ్కో ఫ్లాటు. ఊరి బయటే పనున్నవాళ్లకు, చేతిలో కాస్త సొమ్మున్నవాళ్లకు పట్టా. పిన్నిలా కట్టుకోలేకపోయినవాళ్లు పట్టా వెనక్కిచ్చి ఫ్లాటు అడిగితే, వాళ్ల పేరు మళ్లీ లిస్టులో చేర్చాలి, పాత దరఖాస్తు తేదీతోనే.