రోమన్ కాలపు కుమ్మరి కార్ఖానాలు: మియో, లెజూ, అరెట్సో

రోమన్ల నాటి మట్టిపాత్రల కార్ఖానాలు చూడాలని ఫ్రాన్స్, ఇటలీ వెళ్లేవాళ్లకు నా సలహా: ముందు చెడిపోయిన సరుకున్న ఊరికి వెళ్లండి. మంచి పాత్ర అమ్ముడై ఊరు దాటిపోతుంది. వంకరపోయినవి, ఒకదానికొకటి అతుక్కుపోయినవి ఆవం పక్కన గోతిలో మిగులుతాయి. పని ఎలా జరిగిందో చెప్పేది అవే.

ఆ లెక్కన నా మొదటి ఓటు దక్షిణ ఫ్రాన్స్‌లోని మియోకే. ఊరి అంచున, తార్న్, దుర్బీ నదులు కలిసే దగ్గర లా గ్రోఫెసాంక్ అనే చోటుంది. క్రీ.శ. 1వ శతాబ్దంలో ఎర్రగా నిగనిగలాడే టెర్రా సిగిల్లాటా పాత్రలు ఇక్కడ లక్షల్లో తయారై బ్రిటన్ దాకా వెళ్లాయి. 1881లో ఇటలీలో, అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేయి నగరంలో ఓ పెట్టె దొరికింది. అందులో సుమారు 90 దక్షిణ గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతానికి రోమన్ల నాటి పేరు) గిన్నెలున్నాయి. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బద్దలయ్యేనాటికి ఆ సరుకును ఇంకా బయటికి కూడా తీయలేదు!

మియోలో ముందు ఊళ్లోని మ్యూజియం చూసి, ఆ తర్వాతే తవ్వకాల స్థలానికి వెళ్లండి. నేరుగా స్థలానికి వెళ్తే కనిపించేవి మోకాలెత్తు గోడలు, చిన్న గుళ్ల పునాదులు, పెద్ద ఆవం అడుగుభాగం. మ్యూజియం చూసొచ్చిన కళ్లకు అదే చోట గదులు, దారులు, మనుషులు కనిపిస్తారు.

మ్యూజియంలో నన్ను కదలనివ్వనిది ఒక పళ్లెం. కాల్చకముందే పచ్చి మట్టి మీద పుల్లలాంటి దానితో గీకి రాసిన లెక్క అది. ఆవంలో ఈసారి ఎవరి పాత్రలు ఎన్ని పెట్టారో వరసగా ఉంటుంది: కుమ్మరి పేరు, పాత్ర రకం, సైజు, సంఖ్య. లాటిన్, స్థానిక గాలిష్ భాష కలగలిసిపోయి ఉంటాయి. ఇలాంటి చిట్టాలు ఇక్కడ చాలా దొరికాయి. వాటిలో అల్బనోస్, సుమ్మకోస్, దెప్రోసాగిలోస్ లాంటి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. కొన్ని చిట్టాల్లో మొత్తం 25,000, 30,000 పాత్రల దాకా పోతుంది. ఒక్కరి సరుకుతో నిండని ఆవాన్ని అందరూ పంచుకుని, ఎవరి వాటా వాళ్లు రాయించుకున్నారన్నమాట. అంత సరుకు ఒక్కసారి చెడితే అందరికీ ఎంత టెన్షనో, పక్కనే కరిగి ముద్దయిపోయిన గిన్నెల దొంతర చూస్తే అర్థమవుతుంది.

ఎర్ర రంగు రహస్యం కూడా ఆవంలోనే ఉంది. పాత్రలకు పొగ తగలకుండా, వేడిని మట్టి గొట్టాల గుండా పైకి పంపేవాళ్లు. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగ పట్టిందంటే నల్లబడుతుంది. వెయ్యి డిగ్రీలకు దగ్గరగా వెళ్లే మంటను కొలిచే సాధనమేదీ లేకుండా నిలబెట్టడం ఎంత నేర్పు!

మియోకి మోంపెల్లియే నుంచి బస్సు మంచిది, సుమారు రెండు గంటలు. కొండల మీదుగా వచ్చే రైలు దారి చాలా అందంగా ఉంటుంది కానీ రైళ్లు తక్కువ, కనెక్షన్ తప్పితే రోజు పోతుంది. బస మాత్రం పాత ఊళ్లోనే తీసుకోండి. మ్యూజియం పక్కనే, స్థలానికి నదిమీది వంతెన దాటి నడిచి వెళ్లొచ్చు. మేమున్న చిన్న హోటల్లో గదులు శుభ్రం, మనుషులు మర్యాదస్తులు. కానీ ఎండాకాలం ఏసీ లేని మేడమీది గదిలో నిద్ర పట్టదు, బుక్ చేసేముందే అడగండి. స్థలంలో నీడ తక్కువ కాబట్టి పొద్దున్నే వెళ్లడం మేలు. తెరిచి ఉండే వేళలు సీజన్‌ని బట్టి మారతాయి.

మధ్య ఫ్రాన్స్‌లోని లెజూ చిన్న ఊరు. క్లెర్మోఁ-ఫెరాఁ నుంచి రైల్లో దగ్గరే కాబట్టి బస అక్కడే పెట్టుకుని పూటలో చూసి రావచ్చు. 2వ శతాబ్దంలో గాల్‌లో పెద్ద కేంద్రం ఇదే. సిన్నమస్ అనే కుమ్మరి ముద్ర ఉన్న ఇక్కడి గిన్నెలు బ్రిటన్‌లో బోలెడు దొరుకుతాయి. మ్యూజియం పాత కుండల ఫ్యాక్టరీ భవనంలోనే ఉంది. అచ్చులు, బొమ్మల ముద్రలు పక్కపక్కన పెట్టడం వల్ల నగిషీ పని ఎలా చేసేవాళ్లో పిల్లలకైనా తెలుస్తుంది. ఫ్రెంచ్ రానివాళ్లు ఫోన్లో అనువాదం యాప్ పెట్టుకోవాలి.

ఇటలీలోని అరెట్సోలో సౌకర్యాలన్నీ బాగుంటాయి. ఫ్లోరెన్స్-రోమ్ రైలు దారిలోనే ఊరు, స్టేషన్ నుంచి మ్యూజియానికి నడకే. రోమన్ యాంఫీథియేటర్ (గుండ్రటి క్రీడా ప్రాంగణం) వంపు మీద కట్టిన పాత మఠంలో అది ఉంది. పెరెన్నియస్ కార్ఖానా అచ్చుల్లో నాట్యం చేసే బొమ్మల పనితనం ముందు గాల్ సరుకు మొరటుగా కనిపిస్తుంది. అయితే కార్ఖానాలు నేటి ఊరి కిందే ఉండిపోయాయి, పనిచోటులో నిలబడిన అనుభూతి ఇక్కడ రాదు. మనవాళ్లు తప్పక వెళ్లాల్సిన కారణం ఇంకొకటి. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు, ఈ అరెట్సో రకం పాత్రల పెంకుల ఆధారంగానే ఆ రేవు కాలాన్ని నిర్ణయించాడు. అందుకని అద్దాల వెనకున్న నగిషీ గిన్నెల దగ్గరే సమయమంతా గడిపేయకుండా, కుమ్మరుల ముద్రలున్న మామూలు పళ్లేల అడుగులు కూడా తీరిగ్గా చూడండి.