రొయ్యల గుంటల మీద పద్నాలుగేళ్లు: దానంతటదే ఫోర్ బై ఫోర్‌లో పడిన నా పాత బండి

నాది 2008 మోడల్ డీజిల్ ఎస్‌యూవీ. 2011లో నెల్లూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అప్పటికి మీటరు 78 వేలు చూపిస్తోంది, ఇప్పుడు 2 లక్షల 40 వేలు దాటింది. విడవలూరు మండలంలో రామతీర్థం వైపు మాకు రొయ్యల గుంటలున్నాయి. కోవూరు నుంచి దాదాపు రోజూ పోయి రావాలి. వాన పడితే ఆ గట్ల మీద నల్లమట్టి టైరు గాడుల్లో నిండిపోయి చక్రం ఉన్నచోటే తిరుగుతుంటుంది. 25 కిలోల మేత బస్తాలు ఇరవై వేసుకుని ఆ గట్టెక్కాలంటే నాలుగు చక్రాలూ లాగాల్సిందే, అంటే ఫోర్ బై ఫోర్ కావాలి. ఇన్నేళ్లలో ఈ బండి నన్ను గట్టు మీద వదిలేసింది లేదు. దీనికి వచ్చిన పెద్ద జబ్బు ఒకటే. దాన్ని పట్టుకోవడానికి నాకు చాలా డబ్బు, ఐదు నెలల కాలం పోయాయి. ఇంకొకరికి అవి పోకూడదని వివరంగా రాస్తున్నాను.

2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయినప్పుడు నా బండి ఒక రాత్రంతా చక్రాలు మునిగే నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక స్టార్ట్ అయింది, బాగానే తిరిగింది. సంక్రాంతి అయ్యాక ఒకరోజు హైవే పక్క పెట్రోలు బంకులోకి తిప్పుతుంటే స్టీరింగు బిగుసుకుపోయింది. అవతల ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది. ముందు టైర్లు తారు మీద కీచుమన్నాయి, బండి ఎగిరెగిరి పడింది. నాలుగడుగులు రివర్స్ తీసుకుంటే కింద ‘టక్’మని శబ్దం వచ్చి తేలికైపోయింది. డ్రైవు మార్చే నాబ్ టూ హెచ్‌లోనే (వెనక రెండు చక్రాలే లాగేది) ఉంది. ఫోర్ హెచ్ (నాలుగు చక్రాలూ లాగేది) లైటు వెలగలేదు.

లైటు వెలగలేదు కాబట్టి ఎవరికీ ఫోర్ బై ఫోర్ మీద అనుమానం రాలేదు. పవర్ స్టీరింగ్ పంపు అన్నారు, మార్చాం. బాల్ జాయింట్లు అన్నారు, అవీ మార్చాం. ఈలోగా లీటరుకు 11 ఇచ్చే బండి 8కి పడింది. ముందు టైర్ల అంచులు రంపం పళ్లలా అరిగిపోయాయి. చివరికి ఒక సర్వీస్ సెంటర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె) మొత్తం మార్చాలని లక్షా ఎనభై ఐదు వేలకు ఎస్టిమేట్ రాసిచ్చారు. ‘ఆ డబ్బుతో గుంటలకు ఏరియేటర్లు కొనొచ్చు, ఇంకొకరికి చూపించు’ అంది నా భార్య. ఆ మాటే బండిని కాపాడింది.

మలుపులోనే ఎందుకు బిగుసుకుంటుందో ఆలోచిస్తే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. ఇలాంటి పాత బండ్లలో ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య, వేగాల తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్ హెచ్‌లో పడితే ఆ ఇరుసులకు పోయే రెండు జాయింట్ రాడ్లూ ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే ఎక్కువ దూరం పోవాలి. బురదలోనో ఇసుకలోనో అయితే టైరు కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు మీద జారదు కాబట్టి ఆ మెలి అంతా రాడ్లలో, గేర్లలో చేరుతుంది. వెనక్కి తీస్తే మెలి విడిపోతుంది. నేను విన్న ‘టక్’ అదే. స్టీరింగు పంపు చెడితే రివర్స్ తీసినంత మాత్రాన బాగుపడదు. ఇది నాకు మొదటి రోజే తట్టి ఉంటే బాగుండేది.

ఆటోనగర్‌లో ఒక పెద్ద వయసు మేస్త్రీ ఉన్నాడు. విషయం విని స్కానర్ తియ్యలేదు. ‘లైటు చెప్పేది వదిలెయ్యన్నా, చక్రాన్ని అడుగుదాం’ అన్నాడు. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్ చేసి, ఇంజను ఆపి, ముందు చక్రం ఒక్కదాన్నే జాకీతో లేపి కింద స్టాండు పెట్టాడు. చేత్తో తిప్పితే కదల్లేదు. నాబ్‌ను ఫోర్ హెచ్‌కు తిప్పి మళ్లీ టూ హెచ్‌కు తెచ్చాడు, కింద మోటరు గుయ్‌మంది. ఇప్పుడు చక్రం సైకిలు చక్రంలా తిరిగింది. టూ హెచ్‌లో తిరగాలి, ఫోర్ హెచ్‌లో బిగుసుకోవాలి. ముందు డిఫరెన్షియల్‌కు లాక్ లేని బండికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష నేను చూడలేదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: చక్రం లేచి ఉన్నప్పుడు ఇంజను నడిపి గేరు వెయ్యొద్దు, బండి జాకీ మీద నుంచి దూకుతుంది.

తర్వాత అతను చేసిన పని నాకు ఇంకా నచ్చింది. బండి టూ హెచ్‌లో ఉందని చక్రం తిప్పి చూసుకుని, ట్రాన్స్‌ఫర్ కేసు మీదుండే షిఫ్ట్ మోటరు (టూ హెచ్, ఫోర్ హెచ్ మార్చేది) కప్లర్, అంటే దాని వైర్ల ప్లగ్గు, పీకేశాడు. కప్లర్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి కట్టి, ‘పది పన్నెండు రోజులు ఇట్లనే తిప్పు. మోటరుకు కరెంటు లేకుండా కూడా ఫోర్ హెచ్‌లో పడితే జబ్బు లోపల గేరు జరిపే ఫోర్కులో ఉన్నట్టు, పడకపోతే వైరింగులో ఉన్నట్టు’ అన్నాడు. పన్నెండు రోజులు తిరిగాను. ఒక్కసారి కూడా బిగుసుకోలేదు. లక్షా ఎనభై ఐదు వేల పని అవసరం లేదని ఆ పన్నెండు రోజుల్లో తేలిపోయింది.

మోటరు విప్పిన రోజు పక్కనే కూర్చున్నాను. కప్లర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, గోటితో గీకితే పొడిగా రాలింది. మోటరు మూత లోపల, అది ఏ పొజిషన్లో ఉందో చెప్పే రాగి పట్టీల మధ్య కూడా అదే చిలుము, తడితడిగా ఉంది. ఒక పట్టీ నుంచి పక్క పట్టీకి వంతెన కట్టినట్టు పాకింది. గతుకుల్లో ఆ చిలుము మీద కాంటాక్టు తప్పినప్పుడు, టూ హెచ్‌లో లేమనుకుని కంట్రోల్ బాక్సు మోటరు తిప్పుతోంది. చిలుము వంతెన మీదికి రాగానే టూ హెచ్ వచ్చేసిందనుకుని ఆపేస్తోంది. నిజానికి ఆగింది ఫోర్ హెచ్‌లో. లైటు వెలగకపోవడానికీ అదే కారణం. పట్టీలు శుభ్రం చేసి, కొత్త సీలు వేసి, కప్లర్‌లో కరెంటు పారని గ్రీజు నింపాడు. ట్రాన్స్‌ఫర్ కేసు ఆయిలు తీస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే నీళ్లు లోపలికీ పోయాయి. అదీ మార్చాడు. మొత్తం 3,400 రూపాయలు.

ఏడాదిన్నర హాయిగా గడిచింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫాను వానల తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే. మోటరు లోపల పొడిగా ఉంది. గేర్‌బాక్సు నుంచి ఛాసిస్‌కు వచ్చే ఎర్త్ వైరు కొన మాత్రం ఉప్పుగాలికి తినేసి ఉంది. సెల్ఫ్ కొడుతూ ఆ వైరు రెండు కొనల మధ్య మల్టీమీటరు పెడితే 0.9 వోల్టు చూపించింది. 0.2 లోపు ఉండాలి. సెల్ఫ్ కొట్టిన ప్రతిసారీ కంట్రోల్ బాక్సుకు కరెంటు చాలక ఆగి, మళ్లీ మొదలై, పొజిషన్ వెతుక్కుంటోంది. వైరు మార్చి, బోల్టు కింద పెయింటు గీకి బిగించాం. అప్పటి నుంచి ఈరోజు వరకు ఆ జబ్బు లేదు.

సముద్రం పక్క బండి నడిపేవాళ్లకు, అల్లూరైనా కొత్తపట్నమైనా, నా అనుభవంతో చెప్పేది: పైన ఎంత కడిగినా లాభం లేదు, కిందే మంచినీళ్లతో కడగాలి. ప్రెషర్ నీళ్లు కప్లర్ల మీదికి సూటిగా కొట్టకూడదు. నాలుగు టైర్లూ ఒకే సైజులో, ఒకే అరుగుడులో ఉండాలి. లేకపోతే ఫోర్ హెచ్ నుంచి బయటికి రావడానికే మొండికేస్తుంది. నేను నెలకోసారి తడి గట్టు మీద ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలూ తక్కువ వేగంతో, ఎక్కువ బలంతో లాగేది) రెండూ వేసి కాస్త దూరం నడుపుతాను. వాడకపోతే ఆ మోటరు పట్టేస్తుంది.

ఇంత పాత బండి ఇప్పుడు కొనొచ్చా అని మా పక్క గుంటల రైతులు అడుగుతుంటారు. ఇంజను కంటే ముందు ఎర్త్ వైర్లు, షిఫ్ట్ మోటరు కప్లర్ చూడమని, జాకీ, స్టాండు వెంట తీసుకుపొమ్మని చెబుతున్నాను. పోయిన నెల మా ఊరి కుర్రాడొకడు అలాగే ఒక బండి దగ్గరికి పోయి, చక్రం తిరక్కపోతే కప్లర్ విప్పించి, అక్కడున్న చిలుము ఫోటో తీసి నాకు పంపాడు. 40 వేలు తగ్గించుకుని ఆ బండే కొన్నాడు. ఆదివారం మోటరు విప్పడానికి ఇద్దరం ఆటోనగర్ పోతున్నాం.