అమ్మ ఆపరేషన్: సర్జన్‌కి 5 స్టార్లు, బిల్లింగ్ కౌంటర్‌కి 2

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి. అమ్మ రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌కి 2.8 లక్షలు అన్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది, మాకు తెల్లకార్డూ ఉంది. కానీ ఇక్కడ ఆ పథకం లేదు. సర్కారు ఆసుపత్రిలో అయితే తేదీ కోసం ఆగాలి. ఆగుదామన్నాడు అన్నయ్య. "నా గాజులు మాత్రం అమ్మకండ్రా" అంది అమ్మ. చివరికి నా పీఎఫ్ తీశాను.

సర్జన్ బొమ్మ గీసి మరీ వివరించారు, నాలుగో రోజు ఇంటికి పంపారు. తీసిన గడ్డకు చేసే బయాప్సీ, హార్మోన్ పరీక్షలు మాత్రం ఎస్టిమేట్‌లో లేవట! వాటికే ఇంకో 19,000. కీమో కావాలో వద్దో ఆ రిపోర్టు చూశాకే చెబుతారు, ఆ టెన్షన్ వేరే. డబ్బు కట్టేముందు ప్యాకేజీలో ఏవేవి లేవో కాగితం మీద రాయించుకోండి. క్యాంటీన్‌లో ఇడ్లీ బాగుంటుంది.