ఎర్రమట్టి దిబ్బల రంగు తెలిసిన ప్రింట్ షాపు
భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీసిన ఫోటోని 12×18 అంగుళాల సైజులో ప్రింట్ వేయించడానికి విశాఖ ద్వారకానగర్‌లోని ఈ షాపుకి వెళ్లాను. ఆ దిబ్బల్లో ఎన్ని ఎరుపులో! గట్టు అంచున పసుపు తిరిగిన మట్టి, గాడిలోకి దిగేకొద్దీ ఇటుక రంగు. చాలా ల్యాబుల్లో సాచురేషన్ (రంగుల గాఢత) పెంచేసి అన్నిటినీ కుంకుమ చేసేస్తారు.

ఇక్కడి కుర్రాడు ముందు చిన్న టెస్ట్ ప్రింట్ తీసి, కిటికీ వెలుగులో పట్టుకుని చూపించాడు. "నీడలు మూసుకుపోతున్నాయండి, కొంచెం వెలుగు పెంచుదాం" అన్నాడు. మెరుపు లేని మ్యాట్ పేపర్ మీద నలుపు కాస్త పలచబడుతుందని కూడా ముందే చెప్పాడు. అలా చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ? చివరి ప్రింట్‌లో వాన కోసిన చారలు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి.

5400×3600 పిక్సెల్స్ ఫైల్ ఇస్తే ఈ సైజుకి అంగుళానికి 300 సరిగ్గా వస్తాయి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మాత్రం ఇవ్వకండి. ఫ్రేములు నాకు నచ్చలేదు, బయట కట్టించుకోవడం మేలు.