2011 బిగ్ ఈస్ట్ గొప్పదా, 2025 ఎస్‌ఈసీ గొప్పదా?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్ (తమలో తాము ఆడుకునే కాలేజీ జట్ల కూటమి) బలమైనదన్న వాదన వస్తే నేను ఈ రెండింటినే పక్కపక్కన పెడతాను. 2011లో బిగ్ ఈస్ట్‌లోని 16 జట్లలో 11 మార్చిలో జరిగే జాతీయ నాకౌట్ టోర్నీకి వెళ్లాయి. ఆ రికార్డును 2025లో ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్) చెరిపేసింది: 16లో 14!

ఎన్ని జట్లు వెళ్లాయన్నది ఒక ఎత్తు, వెళ్లి ఎంతదూరం నిలిచాయన్నది ఒక ఎత్తు. బిగ్ ఈస్ట్ నుంచి చివరి 16లోకి చేరినవి యూకాన్ (కనెక్టికట్ యూనివర్సిటీ), మార్క్వెట్ మాత్రమే. అవి కూడా సొంత కాన్ఫరెన్స్ జట్లయిన సిన్సినాటీ, సిరక్యూస్‌లను ఓడించే అక్కడికి వచ్చాయి. ఎస్‌ఈసీ నుంచి ఏకంగా ఏడు చేరాయి. సెమీస్‌లో ఫ్లోరిడా, ఆబర్న్ తలపడ్డాయి. ఫైనల్లో ఫ్లోరిడా 65-63తో హ్యూస్టన్‌ను ఓడించింది.

జాతీయ టైటిల్ 2011లో యూకాన్ ద్వారా బిగ్ ఈస్ట్‌కూ దక్కింది. అంతకుముందు బిగ్ ఈస్ట్ సొంత టోర్నీలో యూకాన్ ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలిచింది. అందులో పిట్స్‌బర్గ్‌పై ఆఖరి క్షణంలో యూకాన్ ఆటగాడు కెంబా వాకర్ వెనక్కి అడుగేసి కొట్టిన షాట్ ఎంత చూసినా తనివి తీరదు. అయినా అది ఒక్క జట్టు సత్తా. మొత్తం కాన్ఫరెన్స్ బలం అంటే నా ఓటు ఎస్‌ఈసీకే. ఆ సీజన్లో మరో కాన్ఫరెన్స్ ఏసీసీతో ఆడిన 16 మ్యాచ్‌ల సవాల్లోనూ 14 గెలిచిందది.