బెజవాడ నుంచి సముద్రానికి, డ్రైవరుతో మాట్లాడుకున్న కారులో: ఇరవై ట్రిప్పుల తర్వాత

మాది పటమట. డ్రైవింగ్ వచ్చు, ఇంటి ముందు కారూ ఉంది. అయినా బందరు (మచిలీపట్నం) వెళ్ళాలన్నా, బాపట్ల దగ్గరి సూర్యలంక బీచ్‌కి వెళ్ళాలన్నా 2018 నుంచి డ్రైవరుతో సహా కారు మాట్లాడుకునే వెళ్తున్నాం. కరోనా రెండేళ్ళు తీసేసినా ఇరవై ట్రిప్పులు దాటుంటాయి. కారు పెట్టుకుని ఈ ఖర్చెందుకని బంధువులు అడుగుతూనే ఉంటారు. సముద్రంలో రెండు గంటలు గెంతి, మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో పీకల్దాకా తిని, మళ్ళీ వంద కిలోమీటర్లు కళ్ళు తెరుచుకుని స్టీరింగ్ ముందు కూర్చోవడం నా వల్ల కాదని ఒకసారి పొన్నూరు దాటాక తెలిసొచ్చింది. ఆ రోజు వెనక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు, పక్క సీట్లో మా ఆవిడ రోడ్డు మానేసి నా మొహమే చూస్తూ కూర్చుంది. అదే ఆఖరు.

ఇన్నేళ్ళలో నలుగురైదుగురు ట్రావెల్స్ వాళ్ళని చూశాను, సొంత బండి ఉన్న డ్రైవర్లని చూశాను, మూడుసార్లు మా కారుకే యాక్టింగ్ డ్రైవర్ని, అంటే రోజు కూలికి వచ్చి మన బండి నడిపే మనిషిని, పెట్టుకున్నాను. ఏ కారు, ఏసీ ఎలా ఉంది అని ఇప్పుడు నేను అడగను. ఫోన్లో నా మొదటి ప్రశ్న ఒకటే: "డ్రైవరు నిన్న ఏ ట్రిప్పు నుంచి వచ్చాడండీ?" చాలామంది ఈ ప్రశ్నకి తడబడతారు. తడబడితే ఫోన్ పెట్టేస్తాను.

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. 2019 డిసెంబరులో బందరు వెళ్దామని ఒక ట్రావెల్స్‌లో కారు మాట్లాడాం. పొద్దున్నే అయిదున్నరకి గుమ్మం ముందు ఉంది, డ్రైవరు పాతికేళ్ళ కుర్రాడు, నవ్వుతూ అమ్మకి నమస్కారం కూడా పెట్టాడు. ఉయ్యూరు దాటాక రెండుసార్లు అద్దం దించి మొహానికి చలిగాలి తగిలించుకున్నాడు, అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పామర్రు ఇంకా రాకముందే కారు మెల్లగా ఎడమ పక్కకి జరగడం మొదలెట్టింది. టైర్ల కింద కంకర గరగరమనేసరికి ఉలిక్కిపడి స్టీరింగ్ లాగాడు. టీ కొట్టు దగ్గర ఆపించి అడిగితే, రాత్రి రెండింటికి తిరుపతి నుంచి దిగాడట, కారులోనే నడుం వాల్చి మూడు గంటల్లో మా ఇంటికి వచ్చేశాడట. వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు, ఓనరు వెళ్ళమంటే వెళ్ళాల్సిందే కదా. సీటు వెనక్కి వాల్చి గంటన్నర పడుకోమని మేం చెట్టు కింద కూర్చున్నాం. ఓనరుకి ఫోన్ చేస్తే ఆయన అన్న మాట నాకింకా గుర్తుంది: "వాడికి అలవాటేనండి, ఏం భయం లేదు."

డబ్బుల సంగతి. మొదట్లో నేను కిలోమీటరు రేటు ఒక్కటే చూసి మోసపోయాను. పద్నాలుగు రూపాయలే అంటారు, కానీ ఊరు దాటితే మినిమం మూడు వందల కిలోమీటర్లు అన్నది బిల్లు ఇచ్చేటప్పుడు చెప్తారు. బందరు, అక్కడి మంగినపూడి బీచ్ చూసుకొస్తే మనం తిరిగేది నూట డెబ్భై కూడా ఉండదు, కట్టేది మూడు వందలకి, అంటే 4,200. దాని మీద డ్రైవరు బేటా (రోజు భత్యం), టోల్, పార్కింగ్. రీడింగ్ కూడా మన గుమ్మం దగ్గర కాకుండా వాళ్ళ షెడ్డు నుంచి షెడ్డుకి లెక్కేస్తారు, షెడ్డు ఎక్కడో గొల్లపూడిలో ఉంటుంది. ఎక్కగానే మీటరు ఫోటో తీసుకోవడం అలవాటు చేసుకున్నాను, దానికి ఇబ్బందిగా చూసే డ్రైవరు నాకింతవరకు తగల్లేదు, ఓనర్లకే కాస్త చురుక్కుమంటుంది. టోల్ దగ్గర ఇంకో కిటుకు ఉంది: 24 గంటల్లోపు తిరిగొస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే పడుతుంది, ఫాస్టాగ్‌లో దానంతటదే అలా కట్ అవుతుంది, కానీ బిల్లులో మాత్రం రెండు సింగిల్ టికెట్లు రాసిన వాళ్ళున్నారు. కాజ టోల్‌గేటు మీద ఇలా ఎంత మిగులుతుందో లెక్కేసి అడిగితే, ఆయన నవ్వేసి తీసేశాడు. తెలిసే రాశాడన్నమాట.

యాక్టింగ్ డ్రైవరు పద్ధతి దీనికంటే చవక. మా కారే కాబట్టి రోజుకి పన్నెండు వందలు, భోజనం, పెట్రోలు, అంతే. ముగ్గురే వెళ్ళేటప్పుడు ఇది నయం. కానీ మా బండి క్లచ్ ఆయనకి కొత్త, ఆయన బ్రేకు మాకు కొత్త, సగం దారి వరకు ఎవరూ ప్రశాంతంగా కూర్చోరు. పైగా దారిలో బండి ఆగితే ఆ తలనొప్పి మనదే. నేనైతే ఐదుకి మూడున్నర ఇస్తాను.

ఇప్పుడు ప్లాను సంగతి, ఇందులో నేను చేసిన పిచ్చిపని ఒకటి చెప్పాలి. హైదరాబాద్ నుంచి మా తోడల్లుడు వాళ్ళు వచ్చినప్పుడు ఒక్కరోజులో బందరు, రేపల్లె, బాపట్ల, చీరాల నాలుగూ చుట్టేద్దామని కూర్చుని రాశాను. మ్యాపులో చూస్తే నాలుగూ 216 జాతీయ రహదారి మీదే ఉన్నాయి, పులిగడ్డ దగ్గర కృష్ణ దాటితే అవతల పెనుమూడి, రేపల్లె. మొత్తం మూడొందల కిలోమీటర్ల లోపే. ఎంత తేలిగ్గా అనిపించిందో! మంగినపూడిలో అరగంట, మోపిదేవి చేరేసరికి గుడి తలుపులు వేసేశారు, రేపల్లెలో భోజనం మూడింటికి, సూర్యలంకలో నలభై నిమిషాలు, చీరాల చేరేసరికి చీకటి. పన్నెండు గంటలు కారులో కూర్చుని గంటా పది నిమిషాలు సముద్రం చూశాం. ఆ రోజు వచ్చిన డ్రైవరు సాయంత్రం టీ తాగుతూ, "సముద్రం చూడ్డానికొచ్చారా, మైలురాళ్ళు చూడ్డానికా అండీ?" అన్నాడు. ఆయన మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు తెలిసింది. మేం తింటున్నప్పుడు బండి నీడలో పెట్టుకోవడానికి వెళ్ళి, మళ్ళీ మేం తొందరపెట్టేసరికి వచ్చేశాడట.

అప్పట్నుంచి ఒక రోజుకి ఒకే వైపు. బందరు అంటే బందరే, బాపట్ల అంటే చీరాల దాకా.

బాపట్ల రోజు మాకిలా నడుస్తుంది: అయిదింటికి బయల్దేరి గుంటూరు, పొన్నూరు మీదుగా ఎనిమిదికల్లా సూర్యలంక. ఎండ ముదిరేలోపు నీళ్ళలోంచి బయటికి. తర్వాత బాపట్లలో భావనారాయణస్వామి గుడి, మధ్యాహ్నం గుడి మూసే లోపలే, ఆ రాతి మండపంలో కూర్చుంటే బయట ఎండ ఉందని మర్చిపోతాం. అక్కణ్ణుంచి చీరాల ఇరవై కిలోమీటర్లు కూడా ఉండదు, భోజనం అక్కడ. ఎండ వేళ జాండ్రపేట మగ్గాల దగ్గర, సాయంత్రం వాడరేవు, వీలైతే. పర్చూరు, చిలకలూరిపేట మీదుగా వెనక్కి. రానుపోను మూడొందల లోపే తేలుతుంది, మినిమం మూడొందలకి ఎలాగూ కడుతున్నాం కాబట్టి ఒకసారి వేటపాలెం పక్కకి తిప్పించాను. 1918లో పెట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉందక్కడ, గాంధీగారి చేతికర్ర కూడా భద్రంగా దాచారు. "ఇన్నేళ్ళుగా రామాపురం బీచ్‌కి తెస్తున్నాను గానీ ఇక్కడ ఆపమన్నవాళ్ళు మీరే బాబూ" అన్నారు మా డ్రైవరు బాబాయ్. తిరిగొచ్చేటప్పుడు జీడిపప్పు కొన్నాం, ఆయనే బేరం ఆడారు.

బాబాయ్ గురించి చెప్పాలి. మూడేళ్ళుగా మేం పిలిచేది ఆయన్నే. యాభై దాటాయి, సొంత బండి, పసుపు నంబరు ప్లేటు. తెల్ల ప్లేటు బండ్లు వెయ్యి రూపాయలు తక్కువకి వస్తాయి, కానీ బాడుగకి తిప్పకూడని బండికి ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు, ఆ వెయ్యి కోసం అంత టెన్షన్ నాకొద్దు. ఆయన డిక్కీలో ఎప్పుడూ రెండు పెద్ద నీళ్ళ క్యాన్లు, ఒక చెంబు, మడతపెట్టిన గోనెపట్టా, ఒక పౌడరు డబ్బా ఉంటాయి. మొదటిసారి పౌడరు డబ్బా చూసి ఇదెందుకో అర్థం కాలేదు. మా చిన్నది తడికాళ్ళతో పరిగెత్తుకొచ్చి ఎక్కబోతే ఆపి, సీటు అంచున బయటికి కాళ్ళు వేలాడేసి కూర్చోమన్నారు. ముందు చెంబుడు నీళ్ళు పోశారు, గోనెపట్టా మీద ఒత్తారు. ఇంకా వేళ్ళ సందుల్లో ఇసుక పట్టుకునే ఉంది. అప్పుడు పౌడరు చల్లి, రెండు నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో అలా అన్నారంతే, బొంబాయి రవ్వలా జలజలా రాలిపోయింది. తర్వాత అమ్మ వంతు. అమ్మకి మోకాళ్ళ నొప్పి, వంగలేదు. "మామ్మగారూ, మీరలా కూర్చోండి" అని ఆయనే వంగబోతే అమ్మ ఒప్పుకోలేదు, ఆ పని నేను చేశాను. ఇంతకుముందు వచ్చిన బండ్లలో ఈ ఇసుకకే నాలుగైదు వందలు క్లీనింగ్ అని వేసేవాళ్ళు.

ఆయనతో ఇబ్బందులు లేవని కాదు. చేపలు బండిలో పెట్టనివ్వరు. వాడరేవులో పడవ దగ్గర కళ్ళెదురుగా రొయ్యలు దొరుకుతుంటే చేతులు ముడుచుకుని రావాలా అని మా ఆవిడ కోపం. చివరికి థర్మాకోల్ పెట్టె, ఐసు, చుట్టూ టేపు వేస్తే డిక్కీలో ఒక మూలకి ఒప్పుకున్నారు. తారు రోడ్డు అయిపోయిన చోట ఆయన బండి ఆగిపోతుంది, అంగుళం కూడా ఇసుకలోకి దింపరు. అది మొండితనం అనుకునేవాణ్ణి, ఇంకోసారి వేరే బండిలో మా బావమరిది మాట విని రామాపురంలో ఇసుకలోకి దింపించాక, వెనక చక్రం సగం దాకా కూరుకుపోయి, వలలు లాగే మనుషులు ఎనిమిది మంది వచ్చి తోసేదాకా నోరు మూసుకుని నిలబడ్డాను. ఇంకో సంగతి, ఆయన ఎనభై దాటించరు. వెనక నుంచి ఎవరు హారన్ కొట్టినా అంతే.

బందరు రోజు దీనికి పూర్తిగా వేరు. పెద్దవాళ్ళుంటే నేను అటే చెప్తాను. మంగినపూడిలో నీళ్ళు లోతు తక్కువ, కాళ్ళ కింద నల్లటి మెత్తటి బురద, సూర్యలంకలా తెల్లటి ఇసుక కాదు, ఫోటోలకి పనికిరాదు. కానీ అమ్మ కుర్చీ వేసుకుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని గంట కూర్చుంది. పెడనలో కలంకారీ అద్దకం దగ్గర ఒక పూట గడిచిపోయింది, కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద చెక్క అచ్చుతో టక్, టక్ అని కొడుతుంటే మా పెద్దాడు ఫోన్ లోపల పెట్టేశాడు. ఆ నల్లరంగు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్ళట. అక్కడ కూడా బెల్లం, తొక్కుడు లడ్డూలో కూడా బెల్లం, బందరు వాళ్ళకి బెల్లం లేకపోతే పని జరగదనుకుంటా. వెనక్కి వచ్చేటప్పుడు టైముంటే పామర్రు దగ్గర తిరిగి కూచిపూడి.

సాయంత్రం ఆరు తర్వాత బందరు రోడ్డు మీద ఉండకూడదన్నది బాబాయ్ పట్టు. కోతల రోజుల్లో రోడ్డు పక్కన ధాన్యం ఆరబోస్తారు, వెనక లైటు లేని ట్రాక్టర్లు నడుస్తాయి. అస్తమయం చూసి వెళ్దాం అని చుట్టాలు పట్టుబడితే, మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడు మీ వెనకాల పొలాల్లో దిగుతాడు, అని చెప్పి బయల్దేరదీస్తాను. ఉదయం అయిదుకే బయల్దేరడానికి ఇదొక కారణం.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్లు రేవులోనే ఉంటాయి, చేపల కోసమే వెళ్ళేవాళ్ళు ఆ రెండు నెలలు మానుకోండి. కార్తీకంలో ఆదివారాలు, పౌర్ణమి వద్దు, సూర్యలంక రోడ్డు మీదే రెండు గంటలు పోతాయి. తుఫాను కబురుంటే బీచ్‌లు మూసేస్తారు, ఎవరైనా మునిగినా మూసేస్తారు, బయల్దేరే ముందు డ్రైవరునే ఫోన్ చేసి కనుక్కోమనండి, వాళ్ళకి అక్కడ ఎవరో ఒకరు తెలిసుంటారు.

వచ్చే ఆదివారం చీరాల అనుకుని నిన్న బాబాయ్‌కి ఫోన్ చేశాను. "శనివారం రాత్రి శ్రీశైలం నుంచి వస్తాను బాబూ, పన్నెండవుద్ది. ఆ పై ఆదివారం పెట్టుకోండి" అన్నారు. సరేనన్నాను. పిల్లలు మాట్లాడటం లేదు.